నీళ్లు కాదు, నీడ

పగలంతా బట్టలు కుట్టే ఆమె, రాత్రిళ్లు జీతం లేని పనొకటి నెత్తికెత్తుకుంది. విమానం నుంచి తీసిన ఫోటోల్లో వరద ఎంతవరకు వచ్చిందో, గుడ్డ మీద సుద్దతో గీసినంత ఒడుపుగా కంప్యూటర్లో గీస్తుంది. ఆ గీతల్ని బట్టే పడవలు బయల్దేరతాయి.

గీసినవి సరిచూసే ఆడపడుచు ఫోన్ చేసింది.

"వదినా, వరదే రాని మీ ఇంటిని ముంచేశావేంటి! అన్నయ్య మీద కోపమా? ఆ నలుపు నీళ్లు కాదు, నీడ. కొత్తలో అందరం పొరబడ్డవాళ్లమే. తుడిచెయ్."

ఆమె నవ్వుకుంటూ తుడిచేసింది. తర్వాత ఎందుకో మళ్లీ చూసింది. ఫోటోలో చెట్ల నీడలు, స్తంభాల నీడలు అన్నీ ఎడమవైపే పడ్డాయి. తమ ఇంటి నీడ ఒక్కటే కుడివైపుకి, ఎండకి ఎదురుగా పాకింది.

తెర మీంచి చూపు తిప్పింది. గదిలో దీపం ఆమెకు కుడిపక్కన ఉంది. నేల మీద ఆమె నీడ కూడా కుడిపక్కనే, దీపం వైపుకే సాగి ఉంది.

మెల్లగా దాని మీద పాదం మోపింది.

చల్లగా, చీలమండ దాకా దిగిపోయింది.

"మ్యాపు పడవలవాళ్లకి పంపించేశాను వదినా," అంది ఫోన్లో ఆడపడుచు. "ఇక హాయిగా పడుకో."