ఉడుత దాచిన పేరు

ఒక అడవిలో చెరువు ఎండిపోయింది. ఆ చెరువు తామరల గురించి మొదలుపెడితే పొద్దు చాలదు, వదిలేద్దాం. దాహంతో సోలిపోయిన జంతువుల మధ్యకు ఉడుత దూసుకొచ్చింది.

"కొండ అవతల నిండు మడుగుంది. నేనే కనిపెట్టాను."

అన్నీ చెంగున లేచాయి.

"దారెటే?" అంది ముసలి ఏనుగు.

ఉడుత నీళ్లు నమిలింది.

"నువ్వు చూడలేదు కదూ? ఎవరు చెప్పారో చెప్పవే, వాళ్లనే అడుగుదాం. పిల్లల నాలుకలు పిడచకట్టుకుపోతున్నాయి."

"తాబేలు తాత," అంది ఉడుత తలొంచుకుని.

అన్నీ తాబేలు దగ్గరికి పరుగుతీశాయి. అది ప్రతి మలుపూ చెప్పింది. సాయంత్రానికల్లా అందరి మూతులూ మడుగులోనే ఉన్నాయి.

వెనకగా వచ్చిన జింకలతో ఏనుగు అంది, "ఈ మడుగు సంగతి తాబేలుకు తెలుసు. తాబేలుకు తెలుసని మాకు చెప్పింది ఉడుత."

ఆ మాటలో తన పేరూ వినగానే ఉడుత తోక నిక్కబొడుచుకుంది.