చింతపండు అందని చోటు

“అగ్గిపుల్ల ఆర్పేయండి బాబూ!”

గేటు దగ్గర కేకకి సుబ్రహ్మణ్యేశ్వరరావు ఉలిక్కిపడ్డాడు. పుల్ల దానంతటదే ఆరిపోయింది.

సైకిలు దిగిన ముసలాయన నేరుగా అరుగు దగ్గరికొచ్చి, మూరెడు పొడవున్న ఇత్తడి రైలింజన్ని వంగి చూశాడు.

“సేఫ్టీ వాల్వు బిగుసుకుపోయిందండి. వెలిగిస్తే బాంబే.”

“తమరెవరు?”

“బాబూరావంటారండి. మాది ఉప్పలగుప్తం. మీ ఇంజను కూయట్లేదని సైకిలుషాపు అంజిబాబు చెప్పేడు.”

అమలాపురానికి రైలు రాలేదు గాని, హెడ్మాస్టరు సుబ్రహ్మణ్యేశ్వరరావుగారింట్లో బొగ్గింజను బొమ్మ ఉంది. స్పిరిటు దీపం వెలిగిస్తే నిజంగా ఆవిరి మీదే నడుస్తుంది. ఎల్లుండి స్కూలు వార్షికోత్సవంలో అది నడిచి, కూయాలి. సుబ్రహ్మణ్యేశ్వరరావు ఊరందరికీ మాటిచ్చేశాడు. ఆయన కోసం శాలువా కూడా కొనేశారని తెలిసింది.

“మా నాన్నగారు స్టేషన్ మాస్టరు. స్వహస్తాలతో చేశారు,” అన్నాడు గర్వంగా.

కాఫీ తెస్తున్న భార్య సత్యశ్రీ నవ్వాపుకుంది. ఆమె కాపురానికొచ్చినప్పుడు అది ‘నాన్నగారి ఇంజను’. పదేళ్లకి ‘నాన్నగారు చేయించిన ఇంజను’ అయింది. ఈ మధ్యే ‘చేసిన’ అయింది.

బాబూరావు ఒక్క క్షణం తలెత్తి చూశాడు.

“ఆయ్,” అన్నాడు.

సత్యశ్రీ పనివాళ్ల గ్లాసులో తెచ్చిన కాఫీ తాగి, ఆ గ్లాసు తనే కడిగి బోర్లించాడు. తర్వాత సంచి విప్పాడు.

బాయిలరులోంచి తెల్లటి పెచ్చులు రాలాయి.

“బోరు నీళ్లు పోసేరా అమ్మా?”

“మరేం పొయ్యాలండీ, పన్నీరా?”

“వాన నీళ్లండి. ఉప్పు దీని ప్రాణం తీసేస్తుంది.”

నూనెలో తడిపిన నూలుదారం పిస్టను చుట్టూ చుట్టాడు. ఈల రంధ్రంలోంచి సూదితో నల్లటి ముద్ద లాగి, వాసన చూశాడు.

“చింతపండు!”

“ఏటా దసరాకి బిందెలతోపాటే తోముతానండి.”

“ఇక్కడ పక్కన అక్షరాలుండాలే…”

“ఉండేవి. తోమగా తోమగా పోయాయి.”

ఆ నున్నటి చోట బొటనవేలితో ఒకసారి నిమిరాడు.

“బాగా తోమేరమ్మా. అద్దంలా ఉంది.”

అడుగు పళ్లెం మరలు విప్పి, లోపలివైపు చూసుకుని, మళ్లీ బిగించేశాడు.

“బాబుగారు చిన్నప్పుడు దీంతో ఆడుకునేవారా అండి?”

“ఆడుకోవడమా! ఇది పక్కలో లేకపోతే నిద్రపోయేవాణ్ణి కానట.”

ముసలాయన మొహం విప్పారింది.

సాయంత్రానికి ఇంజను కూసింది. వీధిలో కుక్కలన్నీ జవాబిచ్చాయి.

“స్టేజీ మీద నేను వచ్చి వెలిగించనా అండి?”

“పెద్దపెద్దవాళ్లొస్తారు. మేం చూసుకుంటాంలెండి.”

“ఆయ్. పోనీ, గోడవతల నుంచుని వింటానండి.”

వార్షికోత్సవంలో ఇంజను నడిచింది, కూసింది. శాలువా కప్పించుకుని సుబ్రహ్మణ్యేశ్వరరావు తండ్రిగారి చేతి పనితనం గురించి పావుగంట మాట్లాడాడు. ప్రహరీగోడ మీదుగా ఒక తెల్లజుట్టు తల కనబడటం సత్యశ్రీ చూసింది. చూసి, చప్పట్లు కొట్టింది.

మరుసటి దసరాకి కూత మళ్లీ ఆగిపోయింది. అంజిబాబుకి కబురు పెట్టారు.

“బాబూరావు గారా అండి? ఆయన పోయి నాలుగు నెలలైందండి.”

ఇక తప్పక సుబ్రహ్మణ్యేశ్వరరావే, ఆయన చేసినట్టు మరలు విప్పి అడుగు పళ్లెం తీశాడు. లోపలివైపంతా మసి. సత్యశ్రీ కొంగుతో తుడిచింది.

చింతపండు ఎన్నడూ అందని ఆ చోట, చుక్కచుక్కగా పొడిచిన అక్షరాలు బయటపడ్డాయి.

సుబ్రహ్మణ్యేశ్వరరావు చదివి, గోడమీది శాలువా ఫోటోకేసి చూడకుండా, పళ్లెం ఆమె చేతిలో పెట్టేశాడు.

ఆమె పైకే చదివింది: “మాస్టరుగారి బాబు సుబ్బు ఆడుకోడానికి నేను చేసిచ్చినది – లోకోషెడ్ ఫిట్టరు బాబూరావు, 1955.”