కేక

మా తమ్ముడి రాక్ బ్యాండులో అందరికీ జుట్టు నెరిసింది. అయినా జనం ఎగబడేది పాట చివర్లో వచ్చే ఆ ఒక్క కేక కోసమే. ఆ గొంతు నాది. నేను సౌండ్ మిక్సర్ దగ్గర కూర్చుని నా పాత రికార్డింగ్ వదులుతుంటే, వాడు స్టేజి మీద పెదాలు కదుపుతాడు. నా పేరు మాత్రం ఎక్కడా చెప్పడు.

ఏళ్ళుగా పళ్ళు నూరుకున్నాను. ఈరోజు సరిగ్గా కేక దగ్గర నా రికార్డింగ్ ఆపేశాను. వాడు నోరు తెరిచాడు, శబ్దం లేదు. నా కడుపు చల్లబడింది.

అంతలో హాలంతా ఆ కేక అందుకుంది, నేను గొంతు విరిచిన చోటల్లా విరుస్తూ. వాడు మైకు జనం వైపు తిప్పి కళ్ళు తుడుచుకున్నాడు.

షో అయ్యాక నా దగ్గరికొచ్చాడు.

"అదిరిందక్కా. రేపట్నుంచి రోజూ అక్కడ ఆపెయ్. ఇక నీ గొంతుతో పనేముంది?"