కబురు పెడతానన్న గిజిగాడు

ఏటిగట్టు తుమ్మచెట్టు మీది గిజిగాడు తన పనితనాన్ని తనే పొగుడుకునేవాడు. పక్కవాళ్లకు ఆ శ్రమ తప్పించడం తన మంచితనమని అతని నమ్మకం.

వానాకాలమంతా పిట్టలకు గూళ్లు అల్లిచ్చే బేరాలు జోరుగా సాగాయి. గడ్డిపోచలు చీల్చి అందించడానికి గింజల కూలికి పిచ్చుకల్ని పెట్టుకున్నాడు. వానలు వెనకబట్టి బేరాలు తగ్గేసరికి, "ఇళ్లకెళ్లండమ్మా, కబురు పెడతాను," అన్నాడు. పిచ్చుకలు ఆ మాట నమ్మి ఎదురుచూశాయి. చివరికి ఆకలికి ఆగలేక బియ్యం మిల్లులో చేరిపోయాయి.

మళ్లీ మబ్బు పట్టింది. గూళ్లు కావాలంటూ పిట్టలన్నీ వచ్చిపడ్డాయి. గిజిగాడు చేతికందిన కొంగల్ని పనిలో పెట్టుకున్నాడు. పోచలు తెమ్మంటే అవి తుంగ దుబ్బుల్ని వేళ్లతో సహా, ఒకటి రెండు కప్పలతో సహా పీక్కొచ్చాయి.

"మన గూడే సగంలో ఉంది. ఇవాళో రేపో గుడ్డు పెట్టేస్తాను," అంది పెళ్లాం.

"కాస్త ఆపుకోవే!"

"నువ్వు కబురు పెట్టేదాకా ఆగడానికి గుడ్డేమైనా పిచ్చుకా?"

గిజిగాడు మిల్లుకు ఎగిరాడు. "పోలమ్మా, నువ్వే దిక్కు!"

"వస్తాం మేస్త్రీ," అంది పెద్ద పిచ్చుక పోలమ్మ. "కానీ ఎండాకాలం పాత గూళ్ల మరమ్మతు మాచేతే చేయించాలి. సగం పూట పనైనా సరే, గింజలు మాత్రం ఆగకూడదు."

అతను ఒప్పుకున్నాడు. గుడ్డు కొత్త గూట్లోనే పడింది.

ఇక కొంగల్ని పంపేయాల్సొచ్చింది. గిజిగాడు ఆకుల చాటున దాక్కుని, ఇంట్లో లేడని పెళ్లాం చేత చెప్పించాడు. పని లేదని మొహం మీద చెప్పడం అతనికి ఇంకా రాలేదు.