నలభై మూడో పొడిగింపు

"రాష్ట్ర పన్ను శాఖ ఒప్పుకుంది," అంది లూసిండా, తెర మీది నుంచి చూపు తిప్పకుండానే. "నలభై రెండు గడువు పొడిగింపులూ చేరాయి. ఒక్కటీ తిరిగి రాలేదు."

ఆల్వా హస్కిన్స్ కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా ఊపిరి వదిలాడు.

ఏప్రిల్ పదిహేను, పన్ను కాగితాలకు ఆఖరి రోజు. సాయంత్రం నాలుగు దాటింది. అమెరికాలో, వర్మాంట్ కొండల్లోని ఆ చిన్న ఊళ్లో ఇరవై ఆరేళ్లుగా నలభై మూడు ఇళ్ల పన్ను కాగితాలు అతనే రాస్తున్నాడు. ఇన్నేళ్లలో ఎవరిదీ ఒక్క రోజు ఆలస్యం కాలేదు, ఎవరూ జరిమానా కట్టలేదు. ఈ ఏడు మాత్రం ఒక్క ఇంటి లెక్కా పూర్తి కాలేదు. అందరికీ అక్టోబర్ దాకా గడువు అడిగాడు.

ఎందుకో ఊరికి తెలుసు. అరవై మూడేళ్ల వయసులో, నవంబర్‌లో, బడి గ్రంథాలయంలో పనిచేసే లూసిండాను పెళ్లి చేసుకున్నాడు. ఫిబ్రవరిలో పది రోజులు ఇద్దరూ ఊళ్లో లేరు. తిరిగొచ్చిన దగ్గర్నుంచి ఆమె కంప్యూటర్ ముందు, అతను పక్కనే కుర్చీ జరుపుకుని. ఒక్కో ఇల్లూ పోయినేడు కట్టిన పన్ను ఆమె పైకి చదివేది. అతను కళ్లు మూసుకుని విని, ఈసారి ఎంత పంపాలో చెప్పేవాడు. కిటికీలోంచి చూసినవాళ్లు ముసిముసిగా నవ్వుకుంటూ పోయేవారు.

"కాఫీ పెట్టనా?" అంది లూసిండా.

"ఆఖరిది, రోలాండ్‌ది అయ్యాక."

ఆ మాట పూర్తికాకముందే తలుపు తోసుకుని రోలాండ్ పెల్టియర్ వచ్చాడు. బయట వాన. బూట్ల నిండా బురద. చేతిలో రేకు డబ్బా.

"ఈ ఏడు ఆఖరి మేపుల్ చెట్ల పాకం. నల్లగా ఉందని కొనేవాడు లేడు. పెళ్లికానుక అనుకోండి, కొత్త పెళ్లికూతురు గారూ."

లూసిండా మూత తీసి, వేలు ముంచి నాకింది. ఆ మసక గదిలో ఆమె ముఖం ఒక్క క్షణం వెలిగింది.

"ఒరేయ్ ఆల్వా," అన్నాడు రోలాండ్ కూర్చుంటూ, "దేశం పన్నుకి పొడిగింపు పెట్టేశావు కదా, మళ్లీ రాష్ట్రం పన్నుకి ఎందుకు? రాష్ట్రం దేశంలోనే ఉందిగా?"

"దాని దారి దానిది, దీని దారి దీనిది. ఇక్కడ విడిగా అడగాల్సిందే."

"సరే అడుగు. డబ్బు అక్టోబర్‌లో కడతా."

"గడువిచ్చేది కాగితానికిరా, డబ్బుకు కాదు. అంచనా కట్టి ఇవాళే పంపాలి. లేకపోతే రేపటి నుంచి వడ్డీ, దాని మీద జరిమానా. మొన్న ఫోన్లో ఎంతో చెప్పాను."

రోలాండ్ గొణుక్కుంటూ చెక్కు రాసి బల్ల మీద తోశాడు. అతని అక్షరాలు కోడి గెలికినట్టుంటాయి, అంకెలు మాత్రం ముత్యాలు. ఆల్వా చెక్కు అందుకుని, వెలుతురుకు పట్టి చూసి, తలూపాడు.

"సరిపోయింది."

"ఇటివ్వు," అంది లూసిండా. తీసుకుని చదివింది. "నూట ఎనభై డాలర్లు."

ఆల్వా చెయ్యి బల్ల మీద ఆగిపోయింది. "పోయినేడు?"

"పద్దెనిమిది వందలు."

రోలాండ్ పడీ పడీ నవ్వాడు. "ఒక సున్నా ఎగ్గొడితే ఏమవుతుందో చూద్దామనుకున్నానురా. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి నీ కళ్లు కప్పాను. చూసి మరీ సరిపోయిందన్నావు! పెళ్లి మనిషిని ఇంతలా చెడగొడుతుందా?"

"అది అలాగే వెళ్లుంటే జరిమానా నీకే పడేది," అన్నాడు ఆల్వా.

"నీ మాట నమ్మితే పడేదే."

ఆల్వా నవ్వబోయాడు. కుదరలేదు. చెక్కును రెండుగా, మళ్లీ నాలుగుగా చింపాడు.

రోలాండ్ ఇంకో చెక్కు రాశాడు. ఈసారి అది నేరుగా లూసిండా చేతికే వెళ్లింది. ఆమె రెండుసార్లు చదివి, కవరులో పెట్టి ఇచ్చి, కంప్యూటర్లో మీట నొక్కింది. కాసేపటికి తెర మీద జవాబు వచ్చింది.

"నలభై మూడు," అంది మెల్లగా.

"ఐదులోపు తపాలా ముద్ర వేయించు," అన్నాడు ఆల్వా.

"వేయిస్తాలే. అక్టోబర్‌లోనైనా కాగితాలు చూస్తావా, అప్పటికీ ఈవిడ మొహమే చూస్తూ కూచుంటావా?" అంటూ రోలాండ్ వానలోకి దిగిపోయాడు.

లూసిండా తలుపు గడియ పెట్టి, వెనక్కి తిరిగింది.

"ఊళ్లోవాళ్లకి చెప్పాలి ఆల్వా."

"చెబుదాం. ముందే చెప్పుంటే వేరే మనిషి కోసం ఊరంతా పరిగెత్తేవాళ్లు. ఏప్రిల్‌లో ఎవడు దొరుకుతాడు? సగం మందికి గడువు దాటేది." అతని గొంతు తగ్గింది. "ఇంకాస్తలో రోలాండ్‌ని ముంచేసేవాణ్ణి."

"ముంచలేదుగా."

"నువ్వు చదవబట్టి."

ఆమె వచ్చి పక్కన కూర్చుంది. పాకం అంటిన వేళ్లతోనే అతని చెయ్యి పట్టుకుంది. వాన కిటికీ అద్దం మీద జారుతోంది.

"ఆరు నెలలున్నాయి," అంది. "రేపు పొద్దున్నే, ఫిబ్రవరిలో ఆ ఆసుపత్రి డాక్టర్ చెప్పినట్టే, అంకెలు మళ్లీ ఒకటితో మొదలుపెడదాం."

ఆల్వా గోడ మీది క్యాలెండర్‌లో ఏప్రిల్ నెలను మొదటి వరస నుంచి ఆఖరి వరస దాకా చూశాడు.

"ఒకటి అంటే అందులో ఏది?"