మావయ్యగారి వాన లెక్క

“ఇంకా ఎంతసేపు పడుతుంది మావయ్యగారూ?” అల్లుడు గుమ్మంలో నిలబడి అడిగాడు.

“ఇప్పుడేగా మొదలైంది బాబూ. నడవనీయండి,” అన్నారు మావయ్యగారు, సోఫాలో ఇంకాస్త వెనక్కి జారి.

ఆ సోఫా అల్లుడిది. ఆదివారం మధ్యాహ్నం దానిమీద నిద్రపోవడం కోసమే అతను మిగతా వారమంతా ఉద్యోగం చేసేవాడు. కానీ ప్రతి ఆదివారం పొద్దున్నే మావయ్యగారు తన వాన లెక్క పట్టుకుని దిగేవారు. డాబామీద గొట్టం పెట్టి రోజూ వాన కొలవడం, ఆ అంకెలతో రాబోయే వానను అంచనా కట్టడం ఆయన సరదా. అందుకో స్క్రిప్టు, అంటే తనే రాసుకున్న చిన్న కంప్యూటరు ప్రోగ్రాం. “మా కంప్యూటరుకి అంత ఓపిక లేదు బాబూ,” అని అల్లుడి కంప్యూటరులో నడిపేవారు. ఆ స్క్రిప్టు పక్కన నత్త కూడా గుర్రమే. సాయంత్రం వాన పడుతుందా అన్న ప్రశ్నకి జవాబు వచ్చేసరికి, ఆయన గొడుగు విప్పుకుని ఆ వానలోనే ఇంటికి బయల్దేరుతూ ఉండేవారు.

పని లేకుండా ఎవరి గడపా తొక్కని మనిషి. పనుంటే మాత్రం అది తేలేదాకా కదలరు.

“మీ నాన్నకి కావలసింది లెక్కా, సోఫానా?” వంటింట్లోకి వెళ్లి భార్యని అడిగాడు.

“తొందరగా తేలితే తొందరగా వెళ్తారు. తేల్చండి మరి, ప్రోగ్రామరు మీరేగా,” అంది ఆమె.

ఆ మాట మందులా పనిచేసింది. స్క్రిప్టునైతే కంప్యూటరు ఒక్కో వరుసా చదివి, అర్థం చేసుకుంటూ నడిపిస్తుంది. అదే సీ అనే కంప్యూటరు భాషలోకి మార్చి, యంత్రానికి నేరుగా అర్థమయ్యేలా కంపైల్ చేస్తే, చదవడాలన్నీ ముందే అయిపోతాయి కాబట్టి ఇక పరుగే.

“సీ అంటే బాగా కష్టమేమో బాబూ,” అన్నారు మావయ్యగారు.

“మీకెందుకు, నేను చూసుకుంటాగా.”

చూసుకోవడానికి కూర్చున్నాక తెలిసింది. స్క్రిప్టులో ఒక్క మాటతో పోయేది సీలో పేజీ తినేసింది. అంకెలు దాచుకోవడానికి కంప్యూటరుని చోటు అడగాలి, వాడుకున్నాక తిరిగి అప్పజెప్పాలి. ఎక్కడ మరిచినా ప్రోగ్రాం అలిగి కూర్చుంటుంది. ఏ వరుస ఎందుకు రాశారో తెలియక ఆయనకి ఫోన్ చేశాడు. ఫోన్లో తెగక బుధవారం రమ్మన్నాడు. ఆపైన శుక్రవారం కూడా రమ్మన్నాడు. కొరివితో తల గోక్కున్నట్టయింది.

ఎట్టకేలకు ప్రోగ్రాం నడిచింది గానీ జవాబు తప్పొచ్చింది. ఇద్దరూ తలలు దగ్గరపెట్టి తెర చూశారు.

“నా మొదటిరోజు జల్లు కనబడట్లేదే,” అన్నారు మావయ్యగారు. “చిన్న జల్లేననుకోండి, పాపం.”

అల్లుడు నుదురు కొట్టుకున్నాడు. ఆ స్క్రిప్టు ఒకటి నుంచి లెక్కపెడుతుంది, సీ సున్నా నుంచి. మొదటిరోజును గుమ్మం బయటే నిలబెట్టేశాడు. “మీ కన్నే కన్ను మావయ్యగారూ.”

“ఏదో, గుడ్డెద్దు చేలో పడ్డట్టు.”

ఆదివారం మీట నొక్కారు. రెప్ప వేసేలోగా తెరమీద జవాబు: వాన లేదు. మావయ్యగారు గొడుగు అందుకున్నారు. “మంచి పని చేశారు,” అని చెప్పులు వేసుకున్నారు. కాఫీ కూడా తాగలేదు.

తర్వాతి ఆదివారం సోఫా ఖాళీ. అల్లుడు పడుకున్నాడు, దొర్లాడు, లేచాడు. టీవీ పెట్టి జోకు వేశాడు. వినగానే ఒకసారి, అర్థమయ్యాక ఇంకోసారి నవ్వే మావయ్యగారు లేరు.

“మీ నాన్నకి ఫోన్ చెయ్యి,” అన్నాడు భార్యతో. “నా ప్రోగ్రాంలో ఏదో తప్పుందని చెప్పు, పాత స్క్రిప్టే నయం, ఇక్కడికొచ్చి నడుపుకోమను.”

“తప్పుందంటే నమ్మరు.”

“ఎందుకు నమ్మరు? ఆయనకి సీ ఏం తెలుసని?”

భార్య నవ్వాపుకుంటూ ఫోన్ అందుకుంది.

“ఆ లెక్కను నాన్న మొదట సీలోనే రాసి, తర్వాత నిదానంగా నడిచే స్క్రిప్టులోకి మార్చుకున్నారండీ.”