ముట్టడి కట్ట

"ఆగండి! నా గట్టు మీద ఆ కొలతలేంటండీ?"

వెంకట్రాజు తవుడు బస్తా పడవలోనే వదిలేసి గట్టెక్కాడు. డెబ్బై ఏళ్ల మనిషొకడు, బిరుసు మీసం, మెరిసే బూట్లు, "ఏక్, దో" అని అడుగులు లెక్కపెట్టుకుంటూ ఎదురొస్తున్నాడు. చంకలో చుట్టిన మ్యాపు, చేతిలో వెదురు గడ.

"నూట నలభై రెండు" అని నోటుపుస్తకంలో రాసుకున్నాకే తలెత్తాడు. "నమస్కారమండీ. నా పేరు హెన్రీ. మిలట్రీలో సుబేదారుగా రిటైరయ్యాను. ఏలూరు మాది. పుస్తకం రాస్తున్నానండీ."

"దేని మీద?"

"యుద్ధం మీదండీ."

"ఎవరితో యుద్ధం? మాతోనా?"

హెన్రీ నవ్వాడు. వెంకట్రాజు నవ్వలేదు. కొల్లేరు హద్దులో ఉన్న చేపల చెరువుల గట్లన్నీ సర్కారువాళ్లు కొట్టేస్తారని పెదపాడు నుంచి ఏలూరు దాకా నెల్లాళ్లుగా ఒకటే మాట. హద్దులు చూసేవాళ్లు జీపుల్లో రారట, మామూలు మనుషుల్లా వచ్చి మంచినీళ్లడుగుతారట.

"కాస్త మంచినీళ్లిప్పిస్తారా?" అన్నాడు హెన్రీ.

వెంకట్రాజు తన గట్టు వంక చూసుకున్నాడు. ఆ ఎనిమిదెకరాల చెరువే తమ బతుకు. గట్టుకి గండి పడితే ఏడాది పెంచిన చేపంతా కొల్లేట్లో కలిసిపోతుంది.

మోటారు షెడ్డు నీడలో వెంకట్రాజు భార్య సత్యవేణి నీళ్లిచ్చింది. హెన్రీ మ్యాపు పరిచాడు. పూర్వం కొల్లేటి నడుమ లంక మీద కోట ఉండేదనీ, దాన్ని ముట్టడించిన సైన్యం ఫిరంగులు తెచ్చుకోడానికి నీళ్లలో మట్టికట్ట వేసిందనీ చెప్పుకొచ్చాడు.

"ఆరు అధ్యాయాలు ఏలూరు ప్రెస్సులో కంపోజయి కూర్చున్నాయండీ. ఏడోది ఆగిపోయింది. ఆ కట్ట ఎక్కడుందో తేలాలి. తొమ్మిదేళ్లుగా తిరుగుతున్నాను. దొరికితే పుస్తకం, లేకపోతే పకోడీల పొట్లాలు."

వెంకట్రాజు మాట వింటున్నాడు గానీ చూపు మ్యాపు మీదే ఉంది. దాని మీద వంకర్లు తిరిగిన ఎర్ర గీత ఒకటి. తన చెరువు ఆ గీత లోపలే పడింది.

"ఆ ఎర్ర గీతేంటండీ?"

"అప్పట్లో నీళ్లు ఎందాకా ఉండేవో ఆ హద్దండీ."

హద్దు! ఇంక అనుమానమే లేదు. వీడు ఆ మనిషే.

"ఇంతకీ ఈ గట్టు ఎవరు వేశారండీ? ఎన్నాళ్లయింది?" అనడిగాడు హెన్రీ పెన్సిలు తీసి.

వెంకట్రాజు నాలుక తనంతట తానే తిరిగింది. "మా తాతకే తెలీదండీ. ఆయన తాత పుట్టేసరికే ఉందంట. ఏదో సైన్యం వేసిన కట్ట, పార తగిలించకూడదు అనేవోడు."

సత్యవేణికి పొలమారింది.

హెన్రీ పెన్సిలు జేబులో పెట్టాడు. వంగి ఇంత మట్టి తీసి వాసన చూశాడు. "నల్లమట్టి. కొల్లేటి అడుగు మట్టే!" అని గొణుక్కున్నాడు. తర్వాత నిటారుగా నిలబడి, బూట్లు టక్కున కలిపి ఆ గట్టుకి సెల్యూట్ చేశాడు. కళ్లలో నీళ్లు.

'ఎంత నటన!' అనుకున్నాడు వెంకట్రాజు.

ఆయన మలుపు తిరిగాక సత్యవేణి అందుకుంది. "పొక్లెయిను నడిపినోడికి వారం రోజులు వండి పెట్టింది నేనండీ! ఇంకా పదేళ్లు కాలేదు. ఏ సైన్యమండీ వేసింది?"

"ఊరుకోవే. పాతదంటే సర్కారోళ్లు చెయ్యెయ్యరు."

రెండు నెలలకి పోస్టులో ఆహ్వానం వచ్చింది. ఏలూరులో పుస్తకావిష్కరణ. ఇదేదో పిలిచి సంతకం పెట్టించుకునే ఎత్తని వెంకట్రాజు గుమ్మం పక్కన ఆఖరు కుర్చీలో కూర్చున్నాడు. పేరు పెట్టి వేదిక మీదికి పిలిచారు. శాలువా కప్పి మొదటి ప్రతి చేతిలో పెట్టారు. ఏడో అధ్యాయం తెరిస్తే పేజీ నిండా తన గట్టు ఫొటో.

"పాపం, నిజంగా రచయితేనే" అన్నాడు ఇంటికొచ్చి.

"అయితే ఆయనకి నిజం చెప్పెయ్యండి."

"అచ్చయ్యాక ఇంక నిజమెందుకే?"

సర్కారువాళ్లు అన్నంత పనీ చేశారు. మిషన్లు దిగాయి. పక్కనున్న బాపిరాజు గట్టు పూటలో తెగింది. తన గట్టు దగ్గరికొచ్చేసరికి వెంకట్రాజు పుస్తకం ఎత్తి పట్టుకుని అడ్డం నిలబడ్డాడు. ఆఫీసరు పేజీలు తిప్పాడు. ఎవరికో ఫోన్ చేశాడు. అరగంట మాట్లాడాక, "దీన్ని వదిలెయ్యండి" అన్నాడు. మిషన్ వెనక్కి తిరిగింది.

"నాకూ ఓ యుద్ధం చెప్పకపోయావా బావా!" అన్నాడు బాపిరాజు, తెగిన గట్టు మీద కూలబడి.

నాలుగో రోజు జీపొచ్చింది. ఎండటోపీ పెట్టుకున్న అమ్మాయి దిగింది. వెనకాల నలుగురు, తాళ్లూ మేకులూ చిన్న చిన్న తాపీలూ పట్టుకుని. పాత కట్టడాలు చూసే ఆఫీసరుననీ, పేరు ఇందుజ అనీ చెప్పింది. ఆమె చేతిలోనూ అదే పుస్తకం. వెంకట్రాజు శాలువా కప్పుకుని ఎదురెళ్లాడు. సత్యవేణి మజ్జిగ తెచ్చింది.

"ఇంక నా గట్టుకి ఏ భయమూ లేదు కదండీ?"

"అయ్యో, ఇంత విలువైన కట్టకి మిషన్ తగలనిస్తామాండీ!" అంటూ ఇందుజ గట్టు మీద మొదటి మేకు పాతించింది. "చేత్తోనే తవ్వుతాం. జానెడు జానెడు చొప్పున, ఈ చివర నుంచి ఆ చివరికి, అడుగుదాకా."